"బక్కగున్నడు" అని రాస్తే సరిపోదు: బరువు తక్కువ రోగిని ఎలా తేల్చాలి, ఏం రాయాలి

ఓపీ చీటీ మీద బరువు ఉంటుంది, ఎత్తు ఉండదు. ఎత్తు తెలియకుండా 42 కిలోలు తక్కువో కాదో చెప్పలేం. మొదటిసారి వచ్చిన రోజే రెండూ కొలవాలి.

తూకం మిషన్ గచ్చు మీద సమంగా ఉండాలి, ముల్లు సున్నా మీద ఉండాలి. చెప్పులు, ఫోను, దుప్పటి తీయించండి. తండాల నుంచి వచ్చే పెద్దమ్మల కడియాలు ఊడిరాకపోతే "నగలతో" అని పక్కన రాయండి. పాదం మీద బొటనవేలితో నొక్కినప్పుడు గుంట పడితే, లేదా కడుపులో నీరుంటే, ఆ బరువు నమ్మదగింది కాదు. అప్పుడు జబ్బ చుట్టుకొలత తీసుకోండి. పెద్దవాళ్లలో అది 23.5 సెం.మీ. లోపు ఉంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 20 లోపే ఉండే అవకాశం ఎక్కువ.

కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ, 17 లోపు మధ్యస్థం, 16 లోపు తీవ్రం. పిల్లలకు, గర్భిణులకు ఈ హద్దులు వాడకూడదు.

నల్లగొండ జిల్లాలో అసలు పొరపాటు ఎత్తు దగ్గరే జరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో నడుము, కాళ్లు వంగినవాళ్లను నిలబెట్టి కొలిస్తే ఎత్తు తగ్గి, బీఎంఐ పెరిగినట్టు కనబడుతుంది. 42 కిలోల మనిషి 150 సెం.మీ. తేలితే బీఎంఐ 18.7, అంటే బాగానే ఉన్నట్టు. అసలు ఎత్తు 158 అయితే అది 16.8. చేతులు చాపించి కొలుద్దామంటే చాలామందికి మోచేయి కూడా సాగదు. అందుకే ఎడమచేతిని ఛాతీ మీదుగా మడిపించి, మోచేతి కొన నుంచి మణికట్టు ఎముక గుబ్బ దాకా కొలిచి, మస్ట్ (పోషకాహార లోపాన్ని పసిగట్టే పద్ధతి) పట్టికలో ఎత్తు చూడండి. అది అంచనా మాత్రమే కాబట్టి "ముంజేతి కొలతతో" అని తప్పకుండా రాయాలి.

పాలమూరు నుంచి వలస పోయి వచ్చినవాళ్ల దగ్గర పాత చీటీలు ఉండవు. పోయేముందు ఎంత ఉండేవాళ్లో, బట్టలు, రవికె వదులయ్యాయో అడగండి. తూచిన బరువా, నోటిమాటా అన్నది కూడా రాయండి. 6 నెలల్లో 48 నుంచి 42కు దిగితే 12.5 శాతం తగ్గినట్టు. 10 శాతం దాటిందంటే, బీఎంఐ ఎంతున్నా కారణం వెతకాల్సిందే.

రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష. దాహం, పదేపదే మూత్రం ఉంటే షుగర్. గుండె దడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్. హెచ్‌ఐవీ, కల్లు-సారా అలవాటు, మింగలేకపోవడం, ఇంట్లో తిండికి ఇబ్బంది కూడా అడిగి తెలుసుకోవాలి.

కేస్ షీట్‌లో ఇలా ఉండాలి: "బరువు 42, ఎత్తు 158 (ముంజేతి కొలతతో), బీఎంఐ 16.8, మధ్యస్థ బరువు తక్కువ. 6 నెలల కింద 48 (రోగి చెప్పింది). వాపు లేదు. నెల నుంచి సగం తిండి. టీబీ అనుమానం, తెమడ పంపాం. రెండు వారాలకు ఇదే మిషన్ మీద మళ్లీ తూకం." నర్సు అంకె రాసినా, డాక్టర్ దాన్ని రోగనిర్ధారణగా రాయకపోతే వైద్యం మొదలుకాదు. పోషకాహార లోపం అని రాయాలంటే తిండి తగ్గడమో, జబ్బో కూడా పక్కన ఉండాలి.

బీఎంఐ 16 లోపు ఉన్నా, పది రోజులకు పైగా తిండి దాదాపు లేకున్నా ఒక్కసారిగా పుష్టిగా పెట్టొద్దు, గ్లూకోజ్ సీసా ఎక్కించొద్దు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె దెబ్బతింటుంది. ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఆ లవణాలు చూసి, తిండి కొద్దికొద్దిగా పెంచాలి. పీహెచ్‌సీలో ఆ పరీక్షలు లేకపోతే కొలతలన్నీ రాసిన చీటీతో జిల్లా ఆసుపత్రికి పంపండి.