గోదారి ఇంట్లో పిన్‌బాల్ పెట్టె: ముసురు పట్టకముందే చూసుకోవలసినవి

రోహిణి కార్తె ఎండలో ప్లైవుడ్ కోసి, ముక్కలన్నీ వరండా గోడకు ఆనించి, జూన్‌లో వైరింగ్ మొదలుపెడదాం అనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది రాజోలు దగ్గర ఊరు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆగస్టులో ఒక సాయంత్రం, బయట ముసురు. మా మేనల్లుడు కాళ్లు కడుక్కుని తడి పాదాలతోనే వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. ముందంచున ఉండే స్టీలు పట్టీ మీద అరచేతులు ఆనించి చటుక్కున వెనక్కి తీసేశాడు.

"మావయ్యా, చేతులు జిల్లుమంటున్నాయి."

ఆ సాయంత్రం ప్లగ్గు పీకేశాను. ఎర్త్ సరిచేసేదాకా మళ్లీ పెట్టలేదు. కింద చెప్పినవాటిలో మిగతావి మీకు తెలిసినవే కావచ్చు గానీ, ఎర్త్ గురించి రాసింది మాత్రం వదలకుండా చదవండి.

ఈ పెట్టె సంగతి కొత్తవాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బల్ల మీద గోలీని కిందికి జారిపోనీయకుండా కొడుతూ ఆడే ఆట. అసలు యంత్రం 110 కిలోలకు పైగా బరువుంటుంది. అందులో ఉక్కు గోలీ, దాన్ని కొట్టే ఫ్లిప్పర్లు, వాటిని లాగే కాయిల్స్ ఉంటాయి. మనం ఇంట్లో చేసుకునేదాంట్లో గోలీ దొర్లే బల్ల స్థానంలో టీవీని పడుకోబెడతాం, నిలువు పెట్టెలో ఇంకో తెర పెడతాం, లోపల ఒక కంప్యూటర్. ఆటను తెర మీద ఆడించే ప్రోగ్రాం, ర్యాండీ డేవిస్ 2000లో తెచ్చిన విజువల్ పిన్‌బాల్, ఉచితంగానే దొరుకుతుంది. బటన్లు, ప్లంజరు (గోలీని తన్నే స్ప్రింగు పిడి), పెట్టెను తోసే కుదుపు మాత్రం నిజమైనవే. గోలీ తగిలినప్పుడు చేతికి దెబ్బ తెలియాలని చాలామంది నిజం కాయిల్స్ కూడా బిగిస్తారు. తీర్థాల్లో మేకులు కొట్టిన పలక మీద గోలీ వదిలిన చేతులకు ఈ ఆట ఇట్టే పట్టుబడుతుంది.

ఎర్త్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు

ఇంట్లో మిగతా వస్తువులకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. టీవీని చూస్తాం, ఫ్రిజ్ తలుపు ఒక్క క్షణం పట్టుకుని వదిలేస్తాం. పిన్‌బాల్ పెట్టెను మాత్రం రెండు చేతులతో, చెమట పట్టిన అరచేతులతో, గంటసేపు వదలకుండా పట్టుకుంటాం. చేతులు ఆనేది కూడా లోహం మీదే. ముందు పట్టీ, పక్క పట్టీలు, నాణేల తలుపు, ప్లంజరు, కాళ్ల బోల్టులు, అన్నీ ఇనుమో స్టీలో. మన ఇళ్లలో ఆడేది వట్టి కాళ్లతో, వానాకాలంలో చెమ్మ తేలిన గచ్చు మీద.

ఆ జిల్లుమనడం ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. ఎస్ఎంపీఎస్‌లో, అంటే ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టెలో, ఫేజుకీ బాడీకీ మధ్య, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. లోపల పుట్టే విద్యుత్ రొదను ఎర్త్‌లోకి దింపడం వాటి పని. ఎర్త్ వైరు లేకపోతే అది దిగే దారి ఉండదు. అప్పుడు బాడీ మీద సరఫరాలో సుమారు సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. పారే కరెంటు బహు తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కంప్యూటర్‌ది ఒకటి, 12 వోల్టులది ఒకటి, 24 వోల్టులది ఒకటి, ఇలా మూడు ఎస్ఎంపీఎస్‌లు ఒకే పెట్టెలో ఉంటే మూడింటిదీ కలుస్తుంది. "కొంచెమే కదా" అని సర్దుకుపోకండి. ఎర్త్ లేదని ఆ పెట్టె మీకు చెబుతోంది. రేపు ఫేజు వైరు తొడుగు చిట్లి అదే బాడీకి తగిలితే 230 వోల్టులూ ఆ స్టీలు పట్టీ మీదకే వస్తాయి.

కాబట్టి పని గోడ దగ్గర మొదలుపెట్టండి. మన పాత మండువా ఇళ్లలో, పెంకుటిళ్లలో సాకెట్‌కు మూడు బెజ్జాలు ఉంటాయి గానీ ఎర్త్ కోసం పెట్టిన పై బెజ్జం వెనక వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. మొదటిది 230కి దగ్గరగా, రెండోది ఒకటి రెండు వోల్టుల్లో ఉండాలి. సాకెట్‌లో న్యూట్రల్‌నే తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపేసి "అయిపోయిందండి" అనేవాళ్లున్నారు, ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే పెట్టె మొత్తం ఫేజు అయి కూర్చుంటుంది. కొళాయి గొట్టానికి కట్టడం కూడా పనికిరాదు, ఇప్పుడున్నవి ప్లాస్టిక్ గొట్టాలు.

మన నేలలో కొద్ది అడుగుల్లోనే చెమ్మ తగులుతుంది కాబట్టి ఎర్త్ గొయ్యి బాగానే పనిచేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి బోల్టు దగ్గరే తుప్పు పడుతుంది. వానల ముందు ఒకసారి విప్పించి, గీకించి, మళ్లీ బిగించండి.

ఆ తర్వాత పెట్టె లోపల. ప్లగ్గు నుంచి వచ్చిన పచ్చ వైరును ఒక ఇత్తడి బార్‌కు బిగించండి. అక్కడి నుంచి ప్రతి లోహ భాగానికీ విడివిడిగా ఒక్కో పచ్చ వైరు పోవాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా కడితే మధ్యలో ఒక్క స్క్రూ వదులైనా ఆ వెనకవన్నీ అనాథలే. బోల్టు కింద పెయింటు గీకి, రింగు లగ్గు పెట్టి, పళ్ల వాషర్‌తో బిగించండి. చివరగా మల్టీమీటర్‌ను బజర్‌లో పెట్టి, ఒక కొన ప్లగ్గు ఎర్త్ పిన్నుకు, రెండో కొన ఒక్కో లోహానికీ తాకించండి. ప్రతిచోటా మోగాలి. నాణేల తలుపు దగ్గర మోగకపోవడం మామూలే, కీలుకు పెయింటు అడ్డుపడుతుంది. తలుపుకు వేరే వైరు వేసేయండి.

ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ఉందిగా అని నిశ్చింతగా ఉండొద్దు. అది వైరు కాలకుండా చూస్తుంది. మనిషి కోసం ఉన్నది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కరెంటు దారి తప్పి కారితే ఆపేసే స్విచ్చు. దాని మీద 'టీ' అని ఉండే బటన్ నెలకోసారి నొక్కి చూడాలి, నొక్కగానే పడిపోవాలి.

కరెంటు పోయినా చెయ్యి పెట్టకండి

మన దగ్గర ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఈదురుగాలికి కరెంటు పోతుంది, ఇదే సమయమని వెనక తలుపు తీస్తారు. ఆ గదికి ఇన్వర్టర్ లైను ఉందన్న సంగతి గుర్తుండదు. లేకపోతే చెయ్యి లోపల ఉండగానే కరెంటు వచ్చేస్తుంది. స్విచ్చు ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకి దాన్ని మీ కంటికి కనబడేలా పెట్టె మీద పెట్టుకుని అప్పుడు తెరవండి.

ప్లగ్గు పీకినా టీవీ పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచి ఉంటుంది. పెట్టెలో ఇమడడం లేదని టీవీ డొక్క ఊడదీయాలని చాలామంది చూస్తారు. నా మాట విని ఆ పని చేయకండి, టీవీకి తగ్గట్టు పెట్టె కొలత మార్చుకోండి. 43 అంగుళాల టీవీని పెట్టెలో పొడవుగా పడుకోబెడితే తెర ఒక్కటే అడ్డంగా సుమారు 53.5 సెంటీమీటర్లు. మామూలు పిన్‌బాల్ పెట్టె బయటి వెడల్పు 22 అంగుళాలు, 18 మిల్లీమీటర్ల చెక్క రెండు పక్కలా పోగా లోపల మిగిలేది 52 సెంటీమీటర్ల చిల్లర. పట్టదు. 25 అంగుళాల వెడల్పు పెట్టె చేస్తే లోపల దాదాపు 60 దొరుకుతుంది, టీవీ డొక్కతో సహా కూర్చుంటుంది. చెక్క కోయకముందు ఈ లెక్క చూసుకుంటే ప్రమాదంలో సగం తప్పినట్టే.

ఇనుప జల్లెడ పెట్టెలా ఉండే ఎస్ఎంపీఎస్‌లలో 230 వోల్టుల స్క్రూలూ 12 వోల్టుల స్క్రూలూ ఒకే వరసలో ఉంటాయి. ప్లాస్టిక్ మూత లేనిది కొనకండి, మూత ఊడితే వాడకండి. కొన్నింటికి పక్కన 115, 230 అని చిన్న స్విచ్చు ఉంటుంది. అది 115లో ఉండగా మన కరెంటు ఇస్తే టపాకాయలా పేలుతుంది. వైర్ల రంగుల్లో ఇంకో తిరకాసు ఉంది. మన ఇళ్ల వైరింగ్‌లో నలుపు న్యూట్రల్, డీసీ వైపు అందరూ మైనస్‌కు వాడేదీ నలుపే. రెండూ ఒకే పెట్టెలో తిరిగితే ఏడాది తర్వాత మీకే తెలియదు ఏది ఏదో. డీసీ మైనస్‌కు తెలుపు పెట్టుకోండి, మెయిన్స్ వైర్లను ఒక పక్క గోడ వెంటే తిప్పండి.

కాయిల్స్ విషయం. గోలీ దెబ్బ కోసం సొలినాయిడ్లకు (ఇనుప కడ్డీని లాగే కాయిల్స్) బదులు కాంటాక్టర్లు (టక్కున పడే పెద్ద కరెంటు స్విచ్చులు) పెట్టేవాళ్లు చాలామంది. కొట్టుకు వెళ్లి ఊరికే కాంటాక్టరు అడిగితే మోటార్లకు వాడే 230 వోల్టుల ఏసీ కాయిల్‌ది ఇస్తారు. 24 వోల్టుల డీసీ కాయిల్ అని విడిగా చెప్పి, దాని మీద రాసింది చదివి తీసుకోండి. ప్రతి కాయిల్‌కూ ఒక 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొన ప్లస్ వైపు ఉండాలి. అది లేకపోతే కాయిల్ వదిలేటప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీకి దాన్ని నడిపే మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు చస్తుంది. మాస్‌ఫెట్ చచ్చేటప్పుడు చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. క్షణకాలం లాగడానికి చేసిన సొలినాయిడ్ అలా నిమిషాల తరబడి లాగి ఉంటే కమిలి పొగ వస్తుంది, చుట్టూ ఉన్నది చెక్క. అందుకే కాయిల్‌కొక ఫ్యూజు. మెత్తటి కుదుపు చాలనుకుంటే కాయిల్స్ మానేసి పెట్టె అడుగున బాస్ షేకర్లు, అంటే అదురు పుట్టించే స్పీకర్లు, బిగించడం మేలు. పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది అదే.

చెక్క, రంగు, అద్దం

వీధరుగు మీద చెక్క కోయించేటప్పుడు మా మేస్త్రి అన్న మాట: "ఆయ్, వానొచ్చాక కోసిన అంచే నీళ్లు తాగుద్దండి, మొహం తాగదు." అక్షరాలా నిజం. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) అయితే వానాకాలం వెళ్లేసరికి అంచులు ఉబ్బి, కాళ్ల బోల్టులు పట్టు వదిలేస్తాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 18 లేదా 19 మిల్లీమీటర్లది తీసుకోండి. కోసిన ప్రతి అంచుకూ, డ్రిల్లు వేసిన ప్రతి బెజ్జం లోపలికీ రెండు పూతల ప్రైమర్ పట్టించండి. కింద పలకకు చెదల మందు కూడా. రంగు పని మృగశిర కార్తెలోపు ముగించాలి. తేమ గాలిలో ఎన్‌సీ లాకర్ (థిన్నర్ కలిపి కొట్టే మెరుపు పూత) కొడితే పొగ పట్టినట్టు తెల్లబారిపోతుంది. థిన్నర్ ఆవిరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది కాబట్టి దేవుడి దీపం, అగరొత్తులు, ఇన్వర్టర్ ఉన్న గదిలో స్ప్రే చేయొద్దు. కోతప్పుడు ఎన్‌95 మాస్కు పెట్టుకోండి.

అద్దం 5 మిల్లీమీటర్ల టఫెన్ చేసిందే వేయండి. పిల్లలు మోచేతులు ఆనిస్తారు, కిటికీ అద్దం పగిలితే కత్తులే. టఫెన్ అయ్యాక మళ్లీ కోయడం కుదరదు, పెట్టె పూర్తయ్యాకే కొలత ఇవ్వండి.

గాలి బెజ్జాలకు సన్నటి స్టీలు జాలీ తప్పనిసరి. మా పెట్టెలో చీమలు కాంటాక్టరు లోపల గూడు కట్టాయి. బల్లులు, ఎలుకలకూ వెచ్చటి చోటంటే ఇష్టం. ముసురు రోజుల్లో ఆడకపోయినా రోజుకో అరగంట నడిపితే లోపలి చెమ్మ ఆరిపోతుంది. ఉరుములు వినబడితే మాత్రం ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి.

వరద కబురు వస్తే

ఏటిగట్టు పక్క ఊళ్లలో, లంకల్లో ఉన్నవాళ్లు పెట్టెను మొదటి నుంచే విడదీసేలా కట్టుకోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటి రోజున వంద కిలోల పెట్టెను మేడ మీదికి ఎవరూ ఎక్కించలేరు, ఎక్కించబోతే నడుములు విరుగుతాయి.

నేను చేసింది ఇది. కంప్యూటర్, ఎస్ఎంపీఎస్‌లు, బోర్డులు అన్నీ ఒకే పలక మీద బిగించాను. బటన్ల వైర్లు, కాయిళ్ల వైర్లు ప్లగ్గులతో వచ్చి ఆ పలకకు తగులుతాయి, ప్రతిదానికీ చీటీ ఉంది. పలక వెనక నుంచి సొరుగులా బయటికి వస్తుంది, ఒక్క మనిషి మోయగలడు. నిలువు పెట్టె నాలుగు బోల్టుల మీద ఉంటుంది. అది తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి, ముందుకు వాలి వేళ్లు నలిపేస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే ప్లగ్గు పీకి పలక, తెరలు పైకి చేర్చండి. మూడోదాకా ఆగితే ముందు బియ్యం బస్తాలు, పశువులు, పెద్దవాళ్ల సంగతి చూసుకోవాలి, పెట్టె జోలికి వెళ్లే తీరిక ఉండదు, వెళ్లకూడదు కూడా. నీళ్లు గదిలోకి వచ్చేశాక ప్లగ్గు దగ్గరికి పోవద్దు, మెయిన్ దగ్గరే ఆపాలి. అది కూడా తడిలో ఉంటే లైన్‌మన్‌కు చెప్పాలి.

నీట మునిగిన ఎస్ఎంపీఎస్ ఆరినా పనికిరాదు, లోపల ఒండ్రు మిగులుతుంది. ఎండబెట్టి చూద్దాం అనుకోకుండా పారేయండి.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూపించండి. ఎవరికైనా షాక్ కొడితే మనిషిని లాగకుండా ముందు మెయిన్ ఆపాలని, స్పృహ లేక ఊపిరి కూడా సరిగా ఆడకపోతే 108కి ఫోన్ చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలని పదేళ్ల పిల్లలకు కూడా చెప్పొచ్చు. మా మేనల్లుడికి నేర్పాను. ఇప్పుడు వాడు ఆటకు వచ్చినప్పుడల్లా పొడి తువ్వాలుతో పాదాలు తుడుచుకుని, రబ్బరు పట్టా మీద నిలబడి, "మావయ్యా, టీ బటన్ నొక్కి చూశావా?" అని అడిగాకే పట్టీ మీద చేతులు వేస్తాడు.