మంచు లెక్కలో జవాబు మైనస్ వస్తోందా?

ఉష్ణం లెక్కల్లో సూత్రం మరిచిపోయి తప్పేవాళ్లు తక్కువ. సూత్రాలన్నీ నోటికొచ్చినవాళ్లే ఎక్కువ తప్పుతారు. జవాబు ఏ తీరుగా తప్పిందో చూస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది.

చివరి ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పోయింది

30 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు. అందులో 0 డిగ్రీల మంచు 50 గ్రాములు వేశారు. గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు కావాలి. చివరి ఉష్ణోగ్రతను టి అనుకుని మిశ్రమాల సూత్రంలో (చల్లనిది తీసుకున్న ఉష్ణం = వేడిది ఇచ్చిన ఉష్ణం) పెడితే:

50×80 + 50×టి = 100×(30 − టి)

టి విలువ −6.7 వస్తుంది. 30 డిగ్రీలదీ 0 డిగ్రీలదీ కలిస్తే రెండింటికంటే చల్లగా ఎలా అవుతుంది?

మంచంతా కరిగిపోతుందని ముందే అనేసుకోవడమే కారణం. నీళ్లు 0 డిగ్రీలకు దిగేలోపు ఇవ్వగలిగింది 100×1×30 = 3000 కెలోరీలు. మంచు మొత్తం కరగాలంటే 4000 కావాలి. చేతిలో 3000 పెట్టుకుని 4000 ఖర్చు రాశాం.

అందుకే సమీకరణం జోలికి పోకముందే ఈ రెండు అంకెలూ పక్కన రాసుకోండి. ఉన్నది చాలకపోతే చివరి ఉష్ణోగ్రత 0 డిగ్రీలే. 3000ను 80తో భాగిస్తే 37.5 గ్రాములు కరుగుతుంది, 12.5 గ్రాముల మంచు మిగులుతుంది. అవే నీళ్లు 50 డిగ్రీలవైతే 5000 కెలోరీలు వస్తాయి. కరిగించగా మిగిలిన 1000తో మొత్తం 150 గ్రాముల నీళ్లూ 6.7 డిగ్రీలకు చేరతాయి. ఈ రెండు లెక్కలూ ఒకసారి మీ చేత్తో చేసి చూడండి.

ఆవిరి లెక్కలో జవాబు మరీ చిన్నది

100 డిగ్రీల ఆవిరి 10 గ్రాములు 40 డిగ్రీల నీళ్లుగా మారితే 10×60 = 600 కెలోరీలని రాసేస్తారు. ఆవిరి ముందు 100 డిగ్రీల నీళ్లవ్వాలి కదా! ఆ మెట్టులోనే గ్రాముకు 540 చొప్పున 10×540 = 5400 కెలోరీలు వెలువడతాయి. మొత్తం 6000. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి అంతలా కాలేది ఇందుకే.

జవాబు 18 రెట్లు పెరిగింది

36 గ్రాముల మంచు కరగడానికి 216 కిలోజౌళ్లు వచ్చిందంటే, మోల్‌కు (నీటికైతే 18 గ్రాములు) చెప్పిన 6.01 కిలోజౌళ్లను గ్రాములతో గుణించారు. 36 గ్రాములంటే 2 మోల్‌లు, జవాబు 12.02 కిలోజౌళ్లు. గ్రాముకు 334 జౌళ్ల చొప్పున వేసినా దాదాపు అంతే.

ఇంకో రెండు చిన్నవి. ఉష్ణోగ్రతల తేడాకు 273 కలపకండి, సెల్సియస్‌లోనైనా కెల్విన్‌లోనైనా తేడా ఒక్కటే. −10 డిగ్రీల మంచు 0కి వచ్చేదాకా విశిష్టోష్ణం (గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన కెలోరీలు) నీళ్లకున్నట్టు 1 కాదు, సుమారు 0.5.