సాక్ష్యం చదవడం, 4వ పాఠం: రాలిపోయిన ‘ట’

పోయిన వారం సింహాచలం గుడిలో, కృష్ణదేవరాయలు 1516లో వేయించిన శాసనం దగ్గర ఆగాం. రాయి ఒకసారి చెప్పిన మాట మళ్లీ మార్చదు. కాకపోతే రాజు చెప్పమన్నదే చెబుతుంది. ఈ వారం సాక్షి రాయి కాదు, మనిషి. మనిషిని ఏదైనా అడగొచ్చు. చెప్పిన ప్రతిసారీ కాస్త మారుస్తాడు, మార్చినట్టు తనకే తెలియదు.

మన హైస్కూళ్లలో చరిత్ర సోషల్ పుస్తకంలో ఒక భాగం. సైకాలజీ బీఎడ్‌లో టీచర్లకు చెబుతారు గాని పిల్లలకు చెప్పరు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఈ వారం రెండింటినీ ఒకే నోటుబుక్కులో పెడదాం. రోజుకు ఇరవై నిమిషాలు, ఐదు రోజులు. రెండు రంగుల పెన్నులు, 2014లో విశాఖలో ఉన్న పెద్దవాళ్లు ఇద్దరు ఉంటే చాలు. విషయం హుద్‌హుద్ తుపాను.

సోమవారం

ఎవర్నీ అడగకముందు, ఫోన్లో ఏదీ చూడకముందు, హుద్‌హుద్ గురించి మీకు గుర్తున్నది పది వాక్యాలు రాయండి. 2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం అది తీరం దాటింది. గాలి వేగం గంటకు 170–180 కిలోమీటర్లు. ఇంతవరకు నేనే చెబుతున్నాను కాబట్టి ఇవి రాయకండి. మీ ఇల్లు, మీ వీధి, మీకు వినిపించిన చప్పుడు రాయండి.

నా క్లాసులో ఇది రాయమంటే అందరూ పేజీ నింపేశారు. తర్వాత పుట్టిన తేదీలు అడిగాను. చాలామంది అప్పటికి మూడేళ్లవాళ్లో, నాలుగేళ్లవాళ్లో. మనిషికి మిగిలే మొట్టమొదటి జ్ఞాపకం సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసుది. అంతకుముందువి దాదాపు నిలవవు. మరి ఈ పేజీలన్నీ ఎక్కడివి? అమ్మ చెప్పిన కథ, చిన్నాన్న ఫోన్లో చూపించిన వీడియో, ఏటా అక్టోబర్‌లో టీవీలో వేసే బొమ్మలు. అబద్ధాలని కాదు. వాళ్లవి కావు, అంతే.

రాసిన పేజీ మడిచి దాచేయండి. శుక్రవారం దాకా తెరవొద్దు.

మంగళవారం

ఇవాళ అడగాలి. ముందు ప్రశ్నలు సరిచూసుకోండి.

1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు విద్యార్థులకు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో చెప్పమన్నారు. కొందరిని కార్లు ‘ఒకదాన్నొకటి తాకినప్పుడు’ అని అడిగారు, కొందరిని ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అని అడిగారు. ఫిల్ములు అందరికీ అవే. తాకినప్పుడు అని విన్నవాళ్లు సగటున గంటకు 31.8 మైళ్లు అన్నారు. నుజ్జయినప్పుడు అని విన్నవాళ్లు 40కి పైనే అన్నారు. వాళ్లే ఇంకో ప్రయోగంలో ఒక ప్రమాదం చూపించి, వారం తర్వాత పిలిచి, పగిలిన గాజుముక్కలు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజుముక్కలే లేవు. ‘నుజ్జయిన’ గుంపులో 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ‘గుద్దుకున్న’ అని అడిగిన గుంపులో ఏడుగురే.

ఇప్పుడు మీ ప్రశ్న చూసుకోండి. “మామ్మా, ఆ భయంకరమైన గాలికి మన ఇల్లు ఎంత పాడైంది?” ఇందులో భయం మీరే పెట్టారు, పాడవడం కూడా మీరే పెట్టారు. మామ్మకు మిగిలింది ఎంత అనేది ఒక్కటే. దానికి బదులు “ఆ ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నించి చెప్పు మామ్మా” అని నోరు మూసుకోండి. ఆవిడ ఆగితే “తర్వాత?” అనండి. అంతకుమించి ఒక్క మాట వద్దు. ఇది చెప్పినంత తేలిక కాదు. మధ్యలో “అవునవును, పక్కవాళ్ల రేకులు కూడా ఎగిరాయి కదా” అని మీరే అందించబోతారు.

విన్నది ఆ రాత్రే రాయండి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల వరసలు తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరుస్తాడో తనమీదే కొలిచి 1885లో పుస్తకం వేశాడు. గంట తిరక్కముందే సగానికి పైగా పోయింది. మామ్మ కథ అర్థంలేని అక్షరాలు కాదు కాబట్టి అంత వేగంగా పోదు, కానీ ఆవిడ వాడిన మాటలు మాత్రం పోతాయి. రేపటికి మనకు కావలసింది ఆ మాటలే.

బుధవారం

ఈ పాఠానికి అసలు రోజు ఇది.

నా నోటుబుక్కులోంచి ఒక సాక్ష్యం, కంచరపాలెంలో ఒక పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు:

“పొద్దున్నించీ ఒకటే గాలి. కరెంటు అప్పటికే నేదు. మజ్జాన్నానికి మా రేకులు లేసిపోనాయి. వీధి సివర యాపసెట్టు పడిపోనాది. మర్నాడు పాలపేకెట్టు వంద రూపాయలకి అమ్మినారు. పదేను రోజులు కరెంటు రానేదు.”

ఆరు వాక్యాలు. ప్రతి వాక్యం దగ్గరా ఒకే ప్రశ్న అడిగాను: మీరు చూశారా, విన్నారా?

రేకులు చూసింది. ఆ మాట చెబుతున్నప్పుడు చెయ్యి పైకెత్తి కప్పు వైపు చూపించింది కూడా. వేపచెట్టు మర్నాడు పడి ఉండగా చూసింది, పడుతుంటే చూడలేదు. పాలపేకెట్టు దగ్గర మాత్రం నవ్వేసింది. “నానెక్కడ కొన్నాను బాబూ? మా ఆయన సెప్పినాడు. ఆయనకి కొట్టుకాడ ఎవులో సెప్పినారంట.”

చూశారా, మొదటిసారి ‘అమ్మినారు’ అంది. తరచి అడిగితే ‘అంట’ బయటికొచ్చింది. అదీ ఒకటి కాదు, మనుషులు ఇద్దరు మధ్యలో ఉన్నారు.

మన భాషలో ఒక సదుపాయం ఉంది. ‘పడింది’ అంటే నాకు తెలుసు. ‘పడిందట’ అంటే ఎవరో చెబితే విన్నాను. ఒక్క అక్షరంతో సాక్షి తన హోదా చెప్పేస్తాడు. చరిత్రకారులు పేజీల కొద్దీ చేసే పనిని ‘ట’ ఒక్కటే చేస్తుంది. చిక్కేమిటంటే, అది నిలవదు. మొదటి వారం ‘వంద రూపాయలకు అమ్మారట’. ఏడాదికి ‘అమ్మారు’. పదేళ్లకు ‘మేం వంద పెట్టి కొన్నాం’. సైకాలజీలో దీన్ని మూలం తారుమారవడం అంటారు. విషయం గుర్తుంటుంది, అది ఎక్కణ్ణించి వచ్చిందో గుర్తుండదు. ఖాళీగా ఉన్న చోట మనసు ‘నేను చూశాను’ అని రాసుకుంటుంది.

నన్ను నేను వదిలేసుకోవడం న్యాయం కాదు. ఎదురింటి కొబ్బరిచెట్టు స్కూటర్ మీద పడుతుంటే కిటికీలోంచి చూశానని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో! ఒకరోజు మా ఆవిడ వింటూ ఉండి, “అప్పుడు మీరు వెనక గదిలో తలుపుకి మంచం అడ్డంపెట్టి పట్టుకుని కూర్చున్నారు కదండీ. చూసింది నేను” అంది. నాకు ఆ చెట్టు వంగడం ఇప్పటికీ కళ్లకు కనిపిస్తుంది. అది ఆవిడ కళ్లతో చూసిందే అయ్యుండాలి.

ఇవాళ్టి పని: నిన్న రాసుకున్న ప్రతి వాక్యం పక్కన నీలం పెన్నుతో ‘చూసింది’ అనో, ఎర్ర పెన్నుతో ‘ట’ అనో రాయండి. ఒక మనిషి దాటి వచ్చిందైతే ఒక ట, ఇద్దరు దాటితే రెండు. పెద్దవాళ్లను నిలదీస్తున్నట్టు అడగొద్దు. “అప్పుడు నువ్వెక్కడ నించున్నావు మామ్మా?” అంటే చాలు, సంగతి దానంతటదే తేలుతుంది.

గురువారం

తేదీలు. “పదేను రోజులు కరెంటు రానేదు” అన్న మాటను ఎలా తూచాలి? రోజులు లెక్కపెట్టమంటే ఎవరూ పెట్టలేరు. పండగను పట్టుకోండి. ఆ ఏడాది దీపావళి అక్టోబర్ 23న, అంటే తుపానుకు సరిగ్గా 11 రోజుల తర్వాత. “దీపావళికి ఇంట్లో లైట్లు వెలిగాయా?” అని అడిగాను. ఆవిడ వెంటనే, “ఎలగకేం, ఫేను కింద కూకుని బూరెలు తిన్నాం” అంది. అయితే పదిహేను కాదు, 11 లోపే. ఆవిడ అబద్ధమాడలేదు. పదిహేను అనేది కష్టం కొలత, రోజుల కొలత కాదు. పాత ఫోన్లో ఫొటో దొరికితే దాని వివరాల్లో తేదీ, గంట ఉంటాయి. అది మీ శాసనం.

శుక్రవారం

రెండో సాక్షిని కూడా ఇలాగే అడిగి, రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఒకరు తప్పని తేల్చేయకండి. గాలి మధ్యలో కాసేపు ఆగిందని ఒకరు, ఆగనే లేదని ఒకరు చెప్పొచ్చు. తుపాను కన్ను నెత్తిమీదుగా పోయిన చోట గాలి సద్దుమణిగి, తర్వాత దిక్కు మార్చుకుని మళ్లీ వస్తుంది. కన్ను పక్కనుంచి పోతే ఆ విరామం ఉండదు. ముందు ఎవరు ఏ ఊళ్లో, ఏ పేటలో ఉన్నారో రాసుకోండి.

ఇప్పుడు సోమవారం దాచిన పేజీ తీయండి. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఉల్రిక్ నైసర్ అనే ఆచార్యుడు, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో విద్యార్థుల చేత రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే 11 మంది మొదట రాసినదాంట్లో ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. నమ్మకం మాత్రం తగ్గలేదు. వాళ్ల చేతిరాతే చూపించినా ఆ పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. మీ పది వాక్యాల్లో ఎన్నింటికి ‘ట’ తగిలించాల్సి వచ్చిందో లెక్కపెట్టి, పేజీ అడుగున ఆ అంకె వేయండి.

వచ్చే పాఠానికి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. ఊరి జనం చాలామంది ఇళ్లకు తాళాలు పెట్టి పల్లెలకు వెళ్లిపోయారు. మీ ఇంట్లో ఆ కథ ఉంటే ఎవరు ఎవరికి చెప్పగా మీదాకా వచ్చిందో గీత గీసి, దారిలో ఉన్న ఒక్కో మనిషికీ ఒక ‘ట’ పెట్టుకుని రండి. కథ లేనివాళ్లు పక్కింటి తాతగారిని అడగండి. కాఫీ వేళకు వెళ్తే బాగా చెబుతారు.