కొత్త ఏసీ పెట్టినా కరెంటు బిల్లు తగ్గలేదా? ముందు మీటర్ చూడండి

కొత్త ఏసీ పెట్టించి నెల తిరిగాక బిల్లు చూసి ఉసూరుమనిపిస్తే, ఏసీని తిట్టుకునే ముందు పాత బిల్లూ కొత్త బిల్లూ పక్కపక్కన పెట్టండి. డబ్బు కాదు, యూనిట్లు పోల్చండి. రేటు పెరిగి ఉండొచ్చు, రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యంగా తీసి ఉండొచ్చు. పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చితేనే ఎండల తేడా కాస్తయినా తగ్గుతుంది.

యూనిట్లు కూడా తగ్గలేదంటే అప్పుడు గంటల లెక్క తీయండి, చాలా ఇళ్ళలో అసలు సంగతి ఇక్కడే ఉంటుంది. పాత ఏసీ గంటకు 1.8 యూనిట్లు కాల్చేదనుకోండి, బిల్లు భయంతో రాత్రి 6 గంటలే వేసేవాళ్ళు, అంటే 10.8 యూనిట్లు. కొత్తది గంటకు 1.2 యూనిట్లే కదా, పర్లేదులే అని సాయంత్రం నుంచే మొదలుపెట్టి 9 గంటలు నడిపితే? సరిగ్గా అదే 10.8. మా ఇంట్లో జరిగింది ఇదే. పిల్లలు హాయిగా పడుకుంటున్నారు, అది తప్పని నేననను, కానీ బిల్లు తగ్గాలంటే మాత్రం తెల్లవారుజామున ఆగిపోయేలా టైమర్ పెట్టాల్సిందే.

ఇంకోటి, దయచేసి 18లో పెట్టకండి. ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) ఎక్కువగా ఆదా చేసేది గది చల్లబడి కంప్రెసర్ నెమ్మదించినప్పుడే, 18 పెడితే చాలా గదుల్లో అది నెమ్మదించే అవకాశమే రాదు. 25, 26లో పెట్టి ఫ్యాన్ కూడా వేసుకోండి.

టన్నేజీ, అంటే ఏసీకి చల్లబరిచే సామర్థ్యం ఎంతో కూడా చూసుకోవాలి. పెద్ద గదికి చిన్న ఏసీ పెడితే రాత్రంతా ఫుల్‌గా తిరుగుతూనే ఉంటుంది. చిన్న గదికి మరీ పెద్దది పెడితే గాలి త్వరగా చల్లబడుతుంది గానీ తేమ సరిగ్గా పోదు, జిగటగా ఉందని మనం ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తాం. పడమటి ఎండ కొట్టే కిటికీ, తలుపు కింద సందు, కాలిపోయే పైకప్పు, వీటిని వదిలేసి ఏ ఏసీ మార్చినా అది ఆ వేడితో పోరాడుతూనే ఉంటుంది.

బిగించిన తీరు కూడా ఒకసారి చూడండి. అవుట్‌డోర్ యూనిట్‌ని గోడకు ఆనించి, ముందు ఏదైనా అడ్డం పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. గ్యాస్ వాడకం వల్ల అయిపోయేది కాదు, లీకుంటేనే తగ్గుతుంది. కాబట్టి ఏటా గ్యాస్ నింపాలంటే లీకు ఎక్కడుందో వెతకమని గట్టిగా అడగండి. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగడం మీ చేతిలో పనే.

ఇవన్నీ చూశాక కూడా అర్థం కాకపోతే ఒక రాత్రి చిన్న పరీక్ష చేయండి. గీజర్, మోటార్ లాంటివన్నీ ఆపేసి, మీటర్ రీడింగ్ రాసుకుని, ఏసీ సరిగ్గా గంట నడిపి మళ్ళీ రాసుకోండి. ఆ తర్వాత ఏసీ ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచి ఇంకో గంట చూడండి, రెంటి మధ్య తేడానే మీ ఏసీది. మొదటి గంటలో గది చల్లబడాలి కాబట్టి కాస్త ఎక్కువే కాలుతుంది, అందుకే మూడో నాలుగో గంటలో కూడా ఒకసారి కొలవండి. అప్పటికీ తగ్గకపోతే ఆ అంకెలు మెకానిక్‌కి చూపించండి. తక్కువే వస్తే మాత్రం ఏసీని వదిలేసి గీజర్ వైపు చూడండి, 2 కిలోవాట్ల గీజర్ గంట మరిగితే 2 యూనిట్లు.