చైన్ సా బార్‌కు ఆయిల్ అందట్లేదా? పంపు విప్పే ముందు ఇవి చూడండి

కోత మధ్యలో బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక) దగ్గర సన్నగా పొగ వస్తుంది. చైను ఎండిపోయి కీచుమంటుంది. బార్ అంచులు అక్కడక్కడా నీలం తిరుగుతాయి. షాపుకు తీసుకెళ్తే చాలాసార్లు వినపడే మాట ఒకటే: "పంపు పోయింది, మార్చేద్దాం." నిజానికి పంపు పాడయ్యే సందర్భాలు తక్కువ. ట్యాంకు నుంచి చైను దాకా ఆయిల్ ప్రయాణించే దారిలో ఎక్కడ ఆగిందో చూసుకుంటే సగం సమస్యలు పైసా ఖర్చు లేకుండా తీరతాయి. పంపును మార్పు చేసి ఆయిల్ పెంచుకోవడం అన్నిటికన్నా చివరి పని.

ఇక్కడ చెప్పేది మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 58 సీసీ పెట్రోల్ మిషన్, 22 అంగుళాల బార్‌ను దృష్టిలో పెట్టుకుని. సర్కారు తుమ్మ, సుబాబుల్ కోసేవాళ్లకు బాగా తెలిసిన సరుకే.

ముందు ఒక పరీక్ష

బార్ కొనను తెల్లటి అట్టముక్కకు జానెడు దూరంలో పట్టుకుని, మిషన్‌ను సగానికి పైగా రేజ్ చేసి పది పదిహేను సెకన్లు ఉంచండి. అట్ట మీద ఆయిల్ చారిక స్పష్టంగా పడాలి. పడకపోతే, లేదా రెండు మూడు చుక్కలతో సరిపెడితే, లోపం ఉన్నట్టే. ఇంకో లెక్క కూడా ఉంది. ట్యాంకు నిండా పోసిన పెట్రోల్ అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు అడుగంటాలి, కానీ కొంచెం మిగలాలి. సగం ఆయిల్ అలాగే ఉందంటే బార్‌కు అందలేదని అర్థం.

మొదట బాగానే వస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది

ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి, బార్ విప్పండి. బార్ మొదట్లో చిన్న రంధ్రం ఉంటుంది, చైను కూర్చునే గాడిలోకి ఆయిల్ దిగేది దాని గుండానే. రంపపు పొట్టు ఆయిల్‌తో కలిసి ముద్దయి ఆ రంధ్రంలో గట్టిగా కూరుకుపోతుంది. సన్నటి తీగతో పొడవండి. గాడిని మొదటి నుంచి కొన దాకా పలచటి రేకుముక్కతో గీకండి. తాటి, కొబ్బరి మాను కోసినరోజు ఈ పని తప్పనిసరి, ఆ పీచు మామూలు పొట్టులా రాలిపోదు.

బార్ తీసి ఉండగానే ప్లగ్ క్యాప్ మళ్లీ పెట్టి, మిషన్ స్టార్ట్ చేసి, బార్ ఆనే చోట ఉన్న ఆయిల్ రంధ్రాన్ని చూడండి. క్లచ్ డ్రమ్ (చైనును తిప్పే గిన్నెలాంటి భాగం) బయటే తిరుగుతుంటుంది కాబట్టి చేతులు, గుడ్డ దగ్గరికి పోనివ్వొద్దు. అక్కడ ఆయిల్ ఊరుతోందంటే పంపు నిక్షేపంగా ఉంది, తప్పు బార్‌దే.

"అన్ని మిషన్లకూ సరిపోతుంది" అని అమ్మే బార్లతో ఇంకో తంటా ఉంది. బార్ రంధ్రం, మిషన్ మీది ఆయిల్ గాడి ఎదురెదురుగా రావు. మిషన్ గాడి చుట్టూ కాస్త గ్రీజు రాసి, చైను టెన్షన్ మామూలుగా పెట్టి బార్ బిగించి మళ్లీ విప్పండి. గ్రీజు అచ్చు రంధ్రం మీద పడకుండా పక్కన పడితే బార్ మార్పించుకోవడం ఉత్తమం. అది కుదరకపోతే మంచి డ్రిల్ బిట్‌తో బార్ రంధ్రాన్ని మిషన్ గాడి వైపుకు ఒక మిల్లీమీటరు పెద్దది చేయొచ్చు. అంచులను ఆకురాయితో నునుపు చేసి, రజను పూర్తిగా కడగాలి.

అసలు చుక్క కూడా రావట్లేదు

ఆయిల్ మూత కొంచెం వదులు చేసి చూడండి. వెంటనే ఆయిల్ రావడం మొదలైతే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయింది. దాన్ని ఎయిర్ కొట్టి శుభ్రం చేస్తే చాలు. మూత మాత్రం అలా వదులుగా వదిలేసి కోతకు దిగొద్దు.

అదీ కాకపోతే వంచిన తీగతో ట్యాంకులోని ఫిల్టర్‌ను బయటికి లాగండి. నల్లటి మడ్డి పట్టి ఉంటే పెట్రోల్‌తో కడగండి. దాని గొట్టాన్ని వంచి పగుళ్లు చూడండి. పగిలిన గొట్టం ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. ఈ మడ్డికి మూలం దాదాపు ఎప్పుడూ మెకానిక్ షాపులో ఉచితంగా దొరికే కాలిన ఇంజన్ ఆయిలే. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపును అరగదీస్తుంది. పైగా కోసేవాడి చేతుల మీద, ముఖం మీద చిమ్ముతుంది, ఒంటికి మంచిది కాదు. బార్ ఆయిల్ దొరకని చోట కొత్త 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ వాడుకోండి. కిరోసిన్ కలిపి పలచన చేస్తే బార్ కొన మలుపులోనే ఎగిరిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే క్లచ్ విప్పాలి. ప్లగ్ తీసి, పిస్టన్ పైకి వస్తుండగా ఆ రంధ్రంలోంచి మెత్తటి తాడు కూరితే ఇంజన్ తిరగకుండా ఆగుతుంది. క్లచ్ మర ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. వెనక ఉన్న వార్మ్ గేర్ (పంపును తిప్పే మర పళ్ల గేరు) ప్లాస్టిక్‌దైతే పళ్లు కరిగి ఉండొచ్చు. చైన్ బ్రేక్ వేసి ఉండగా రేజ్ చేయడం వల్ల క్లచ్ వేడెక్కి ఇలా అవుతుంది. గేర్ మార్చండి. బిగించేముందు పంపులో నాలుగు చుక్కల ఆయిల్ వేయండి.

అంతా సరిగ్గానే ఉంది, బార్‌కు మాత్రం చాలట్లేదు

పంపు మార్పు గురించి ఆలోచించాల్సింది ఇప్పుడే. పంపులోని ప్లంజర్ (ఆయిల్‌ను నెట్టే చిన్న కడ్డీ) తిరుగుతూ ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ కదలిక ఎంత పొడవైతే అంత ఆయిల్. చాలా మిషన్లకు అడుగున ఒక స్క్రూ ఉంటుంది, అది ఆ పొడవును మారుస్తుంది. ముందు దాన్ని చివరి దాకా పెంచి చూడండి. సర్దుబాటు లేని పంపైతే అదే బిగింపుకు సరిపోయే సర్దుబాటు పంపు దొరుకుతుందేమో అడగండి.

కొందరు స్క్రూను ఆపే చిన్న అడ్డును ఆకురాయితో అరగదీసి ఇంకా తిప్పుతారు. ఆయిల్ పెరుగుతుంది, నిజమే. కానీ ఈ తరహా మిషన్లలో పెట్రోల్ ట్యాంకు 550 మిల్లీలీటర్లు, ఆయిల్ ట్యాంకు 260. రెండూ ఒకేసారి అయిపోయే లెక్కలో ఉన్న పంపును ఒకటిన్నర రెట్లు చేస్తే, పెట్రోల్ మూడో వంతు మిగిలి ఉండగానే ఆయిల్ ఖాళీ. ఆపైన బార్ పూర్తిగా ఎండుగా తిరుగుతుంది. వార్మ్ గేర్ మీద బరువు పెరగడం అదనం. తప్పదనుకుంటే సగం పెట్రోల్ కాగానే ఆపి ఆయిల్ నింపుకోవాలి. నన్నడిగితే 18 అంగుళాల బార్ వేసుకుని, లావు మానును రెండు వైపుల నుంచి కోసుకోవడమే నయం.

ఆయిల్ ధారాళంగా ఉన్నా బార్ కాలుతోంది

చైను పదును, టెన్షన్ చూడండి. పదును పోయిన చైను పెచ్చుల బదులు పిండిలాంటి పొట్టు తీస్తుంది. బిగించిన చైనును చేత్తో లాగితే సాఫీగా కదలాలి. బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి వేయండి.

రాత్రి పక్కన పెడితే కింద ఆయిల్ కారుతోంది

కవర్ కింద, గాడిలో మిగిలిన ఆయిల్ కాస్త కారడం మామూలే. పని అయ్యాక వేడిగా ఉన్న ఆయిల్ ట్యాంకు మూతను ఒకసారి వదులు చేసి మళ్లీ బిగిస్తే లోపలి ఒత్తిడి పోయి చాలావరకు తగ్గుతుంది. తెల్లారేసరికి ట్యాంకే ఖాళీ అవుతుంటే గొట్టం పంపులోకి కూర్చునే చోట వదులై ఉంటుంది. గొట్టం మార్చండి, సీలెంట్ పూస్తే నిలవదు.