పిల్లల పుస్తకం కొనేముందు ఒక పేజీ చదివించండి

మూడో తరగతి పిల్లలకి పుస్తకం కొంటుంటే అట్ట చూసి తీసుకోకండి. మధ్యలో ఒక పేజీ తీసి, షాపులోనే పైకి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. ఒకటి, రెండు వేళ్లు ముడిస్తే సరిపోయినట్టే. ఐదూ ముడుచుకుంటే అది మీరు పక్కన కూర్చుని చదివి వినిపించాల్సిన పుస్తకం. కథ బాగుంటే అలాగే కొనండి, తప్పేం లేదు. ఒత్తుల దగ్గర తడబడే పిల్లలకి మాత్రం పెద్ద అక్షరాలు, వరసల మధ్య ఎడం ఉన్నవే వెతకండి. ప్రతి కథ చివరా నీతి అంటించిన పుస్తకాలు నాకైతే నచ్చవు. పిల్ల ఏ స్థాయిలో చదువుతోందో ముందే తెలియాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ చూడండి. అక్కడ తెలుగు కథలు లెవెల్స్‌వారీగా ఉచితంగా దొరుకుతాయి.