గుర్రుమంటే కొట్టకండి: మా చిట్టికి తిండి గిన్నె దగ్గర నేర్పిన పద్ధతి

నాకు తెనాలిలో మందుల షాపు ఉంది. మూడేళ్ళ కిందట ఒక వానరాత్రి షట్టరు పక్కన ముడుచుకుని పడుకున్న వీధి కుక్కపిల్లని మా ఆవిడ చీరచెంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. చిట్టి అని పేరు పెట్టాం. ఎనిమిదో నెల వచ్చేసరికి అది తింటుండగా ఎవరు దగ్గరికెళ్ళినా గుర్రుమనడం మొదలుపెట్టింది. మాకు టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్ళు చెప్తే ఒక ట్రైనర్‌ని పిలిచాం. ఆయన దాని మెడకి చోక్ చెయిన్, అంటే గుంజితే మెడకి బిగుసుకునే గొలుసు, వేసి, "గుర్రుమన్న ప్రతిసారీ ఒక్క గుంజు గుంజండి సార్. ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియాలి. మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అన్నాడు.

అబద్ధం ఎందుకు, పని చేసింది. పది రోజుల్లో గుర్రుమనడం ఆగిపోయింది. అడిగిన డబ్బుతో పాటు ఒక స్వీటు డబ్బా కూడా ఇచ్చి పంపాను.

నాలుగు నెలలకి సంక్రాంతి వచ్చింది, మా బావమరిది కొడుకూ వచ్చాడు. తొమ్మిదేళ్ళవాడు. వాడి బంతి దొర్లుకుంటూ పోయి గిన్నె పక్కన ఆగింది. తీసుకుందామని వంగాడు. చిట్టి తినడం ఆపేసింది. తల గిన్నెలోనే ఉంచి, ఒళ్ళంతా బిగబట్టి, కళ్ళు మాత్రం పక్కకి తిప్పి చూసింది. చిన్న చప్పుడు కూడా లేదు. మరుక్షణం వాడి ముంజేయి దాని నోట్లో ఉంది. పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కడిగి ఆస్పత్రికి పరిగెత్తాం. కుక్కకి టీకాలు వేయించే ఉన్నా వాడికి సూదులు తప్పలేదు. "అది అరవనైనా అరవలేదు మామయ్యా" అని దారంతా ఒకటే మాట.

ఎలా అరుస్తుంది? అరిస్తే మెడ బిగుసుకుంటుందని నేర్పింది నేనే. నా గిన్నె లాక్కుంటారేమో అన్న దాని భయం ఎక్కడికీ పోలేదు. నేను చేసిందల్లా బ్రేకుల్లేని లారీకి హారన్ పీకేయడం. అందుకే ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: కుక్క గుర్రుమంటే కొట్టకండి. ఆగి, రెండడుగులు వెనక్కి వెయ్యండి. ఎందుకు గుర్రుమందో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

కొట్టి నేర్పాలా, పెట్టి నేర్పాలా అన్న గొడవ చాలా పాతది. "దండం దశగుణం భవేత్" అని బెత్తం ఊపుతూ చెప్పిన మేష్టార్ల దగ్గర చదువుకున్న తరం మాది. కుక్కల విషయంలో ఆ దారికి పెద్ద దిక్కు జర్మనీలో పోలీసు కుక్కలకి తర్ఫీదిచ్చిన కొన్రాడ్ మోస్ట్. ఆయన పుస్తకం 1910లో వచ్చింది. ఆ తర్వాత "ఇంట్లో ఆల్ఫా నువ్వే కావాలి" అనే సిద్ధాంతం ఒకటి బయల్దేరింది. ఆల్ఫా అంటే గుంపులో అందరినీ అణిచి ఉంచే పెద్ద. దానికి మూలం 1940లలో బోనులో ఉంచిన తోడేళ్ళని చూసి రాసిన సంగతులు. ఎక్కడెక్కడి తోడేళ్ళనో ఒకే ఆవరణలో పడేస్తే కొట్టుకోక ఏం చేస్తాయి? ఆల్ఫా మాటని జనంలోకి తెచ్చినవాళ్ళలో ఒకడైన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి గమనించాక 1999లో తనే దాన్ని సరిదిద్దాడు. అడవిలో గుంపంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలే అన్నాడు. పాతికేళ్ళు దాటినా ఆ కబురు మా ట్రైనర్ దాకా రాలేదు.

నాకు జరిగింది నా ఒక్కడికే జరిగింది కాదని కూడా తర్వాతే తెలిసింది. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు తమ దగ్గరికి ప్రవర్తన సమస్యలతో వచ్చిన కుక్కల యజమానుల్ని అడిగితే, కొట్టడమో తన్నడమో చేసినవాళ్ళలో 43 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు. 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిగిన అధ్యయనం నాకు ఇంకా నచ్చింది. గిన్నె ఒక పక్క ఉంటే అందులో తిండి ఉంటుందనీ, రెండో పక్క ఉంటే ఖాళీ అనీ ముందు అలవాటు చేశారు. తర్వాత మధ్యలో పెట్టి చూశారు. బెదిరించి నేర్పే స్కూళ్ళ కుక్కలు ఆ గిన్నె దగ్గరికి మెల్లగా వెళ్ళాయట, ఏమీ ఉండదులే అన్నట్టు. అది చదివినప్పుడు చిట్టి మొహం గుర్తొచ్చింది.

కొట్టి నేర్పాలనేవాళ్ళ మాటలోనూ కొంత నిజం ఉంది. తిండి పెడుతూ పోతే కుక్క తలకెక్కి కూర్చుంటుంది అంటారు. హద్దు పెట్టకపోతే కూర్చుంటుంది మరి. కానీ హద్దు పెట్టడానికి దెబ్బ అక్కర్లేదు. కావలసింది ఇవ్వకుండా ఆపినా చాలు, దానికి బాగా తగులుతుంది. రోడ్డు మీద లారీ కిందికి పోబోతుంటే మాత్రం తాడు పట్టుకుని లాగెయ్యండి. అప్పుడు పాఠం సంగతి ఆలోచించకండి. ఆన్‌లైన్‌లో దొరికే షాక్ బెల్టుల జోలికి అసలు పోవద్దు. వేల్స్‌లో వాటిని 2010లోనే నిషేధించారు. మన దేశంలో జంతువుని కొట్టడం 1960 చట్టం ప్రకారం నేరమే, కాకపోతే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నా షాపులో దగ్గు మందు సీసా అంతకంటే ఖరీదు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు కూలి సిద్ధం చేసుకోవాలి. బహుమతి అని అందరూ అంటారు గానీ నాకు కూలి అన్న మాటే సరిపోతుందనిపిస్తుంది. మా పక్క షాపు బాబాయ్ దీన్ని లంచం అంటాడు. లంచం పనికి ముందు చూపిస్తారు బాబాయ్, కూలి పనయ్యాక చేతిలో పెడతారు. ఎముకల్లేని చికెన్‌ని ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ లేకుండా ఉడకబెట్టి, శనగగింజంత ముక్కలు చెయ్యండి. నేను మొదట్లో ఎండు నెత్తళ్ళు వాడాను. చిట్టి పిచ్చెక్కిపోయేది, కానీ అంత ఉప్పు ఏంటయ్యా అని పశువుల డాక్టరు గారు తిట్టారు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. మందుల షాపువాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. పెట్టిన ముక్కల మేరకు రోజువారీ తిండి తగ్గించండి, లేకపోతే మూడు నెలల్లో డ్రమ్ములా తయారవుతుంది.

తర్వాత ఒక మాట ఎంచుకోండి. మాది "భేష్". రోజూ ఇంట్లో వాడే మాట వద్దు. మొదటి రోజు పనేమీ చెప్పకుండా "భేష్" అనడం, ముక్క ఇవ్వడం, ఇలా ఒక పదిహేను సార్లు. రెండో పూటకి ఆ మాట వినగానే తల మీవైపు తిరుగుతుంది. ఇక అది మీకు ఫోటో తీసే బటన్ లాంటిది. కుక్క సరైన పని చేసిన సెకనులోనే "భేష్" పడాలి, ముక్క కాస్త ఆలస్యమైనా పర్లేదు. డాల్ఫిన్లకి ఈలతో నేర్పేది కూడా ఇలాగే. దాని మెడకి గొలుసు వేసి గుంజడం కుదరదు కదా, నచ్చకపోతే ఈదుకుంటూ వెళ్ళిపోతుంది.

కూర్చోవడం నేర్పడం రెండు రోజుల పని. ముక్కని ముక్కు ముందు పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరిపితే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. దిగగానే "భేష్".

అసలు కష్టమంతా గిన్నె దగ్గర. మీ కుక్క ఇప్పటికే ఎవరినైనా కరిచి ఉంటే ముందు డాక్టరుకి చూపించండి, పంటి నొప్పో చెవి నొప్పో ఉన్నా ఇలా చేస్తుంది. పిల్లల్ని వేరే గదిలో ఉంచి తలుపెయ్యండి. మేము మొదటి వారం ఆరడుగుల దూరంలో మొదలుపెట్టాం. చిట్టి మామూలు అన్నం తింటుండగా నేను అటుగా నడుస్తూ ఒక చికెన్ ముక్క గిన్నెలోకి విసిరి, ఆగకుండా వెళ్ళిపోయేవాణ్ణి. పూటకి ఆరేడు సార్లు, అంతే. చూడాల్సింది గిన్నెని కాదు, కుక్క ఒంటిని. వేగంగా మింగుతోందా, మెడ బిగుసుకుందా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తోందా? ఏది కనిపించినా మీరు తొందరపడ్డట్టే, ఒక అడుగు వెనక్కి జరగాలి. తొమ్మిదో రోజు నా అడుగుల చప్పుడు వినగానే చిట్టి గిన్నెలోంచి తలెత్తి, తోక వదులుగా ఊపుతూ నా చేతికేసి చూసింది. అప్పుడు ఐదడుగులకి జరిగాం. గిన్నె పక్కన నిలబడి ముక్క వెయ్యడానికి ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి నేను చీకట్లో దగ్గరికెళ్తే మళ్ళీ బిగుసుకుంది, నాలుగు రోజులు వెనక్కి పోయాం. గిన్నె చేత్తో తీసి, చికెన్ వేసి, మళ్ళీ పెట్టడం ఆఖరి మెట్టు. అది తినే గిన్నెలో చెయ్యి పెట్టి "చూడు, నేనే పెద్ద" అని పరీక్షించే సరదా మాత్రం మానుకోండి. మీ విస్తట్లో ఎవరైనా చెయ్యి పెడితే మీరు ఊరుకుంటారా?

షాపుకొచ్చినవాళ్ళ మీదికి ఎగరడం ఇంత కష్టం కాదు. ఎగిరితే అందరం అటు తిరిగి నిలబడతాం. నాలుగు కాళ్ళూ నేల మీద పడితే "భేష్". మొదటి మూడు రోజులు ఇంకా ఎక్కువ ఎగురుతుంది, అదివరకు పనిచేసిన ట్రిక్కు పారలేదేంటని. అక్కడే చాలామంది ఓపిక పోయి ఒకటి తగిలిస్తారు. తాడు లాక్కుపోయే కుక్కకి హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేసి, తాడు బిగిసిన చోటే ఆగిపోండి. వదులయ్యాక నడవండి. మొదట్లో మా వీధి చివరిదాకా వెళ్ళడానికి అరగంట పట్టేది, చూసినవాళ్ళు నేను దారి మర్చిపోయాననుకునేవాళ్ళు.

బాగా వచ్చిన పనికి ప్రతిసారీ కూలి అక్కర్లేదు. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మానేసి, ఇంకోసారి మూడు ముక్కలు ఇవ్వండి. లాటరీ టికెట్టు కొనేవాడి బుద్ధే దానిదీనూ. ఒక్క గిన్నె దగ్గర మాత్రం కూలి ఎగ్గొట్టకండి.

కుక్క ఇంట్లో పాస్ పోసి తడిపేసిన గంటకి తిట్టడం దండగ. "చూడు, తప్పు చేశానని దానికి తెలుసు, మొహం ఎలా పెట్టిందో" అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో ఇదే పరీక్షించి చూస్తే, తప్పు చెయ్యని కుక్క కూడా యజమాని తిడితే అదే మొహం పెట్టింది. అది చూసేది మీ కోపాన్ని. తుడిచేసి, రేపు గంట ముందు బయటికి తీసుకెళ్ళండి.

మొన్న దసరాకి మా బావమరిది కొడుకు మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు వాడు ఆరడుగుల గీత దగ్గర నిలబడి ముక్కలు విసురుతాడు, నేను పక్కనే ఉంటాను. మూడో రోజు ఉత్సాహం ఎక్కువై గీత దాటాడు. చిట్టి తినడం ఆపి, సన్నగా, గొంతులోంచి "గుర్ర్" అంది. వాడు ఆగి రెండడుగులు వెనక్కి వేసి, "మామయ్యా, చెప్పింది!" అని అరిచాడు. లోపలి నుంచి మా ఆవిడ చపాతీ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది, ఏమైందో అని. ఏం లేదు, మన కుక్క గుర్రుమంది అన్నాను.